ఆమెను నీళ్ళకు పంపింది కోడలు కాదు

మదనపల్లెలో మేము అద్దెకున్న వీధిలో ఒక ముసలామె నీళ్ళ బిందెతో జారిపడి, తుంటి విరిగి, మంచం మీదే చనిపోయింది. కోడలే ఆమెను నీళ్ళకు తరిమిందని ఆ ఇంటివాళ్ళు ఈరోజుకీ అంటున్నారు. అది నిజం కాదు. ఆమెను ట్యాంకర్ దగ్గరికి రప్పించింది నేను. నోటితో చెప్పి చూశాను, లాభం లేకపోయింది. అందుకే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. సైన్యంలో హవల్దార్‌గా ఉండగా, కాలేజీ పిల్లలకు కవాతు నేర్పే పనిమీద నన్ను మదనపల్లెకు బదిలీ చేశారు. అంతవరకూ మేము కంటోన్మెంట్ క్వార్టర్లలోనే బతికాం. అక్కడ పక్కింటివాళ్ళు కూడా మనలాగే నిన్నో మొన్నో పెట్టెలు దించుకున్నవాళ్ళు. ఇక్కడ అందరూ తాతలనాటి నుంచి ఒకరికొకరు తెలిసినవాళ్ళే, మేమే ఎవరికీ తెలియం. నా భార్య కూరలబండి దగ్గర నోరు విప్పితే ఆడవాళ్ళు నవ్వుకునేవారు. "ఏమ్మా, మీది తెలుగేనా?" అని ఒకామె మొహం మీదే అడిగింది. ఆ తర్వాత నా భార్య బయట మాట్లాడటం తగ్గించేసింది. నాకు నమస్కారాలు పెట్టేవారు గానీ, నేను దగ్గరికి రాగానే అరుగు మీద మాటలు ఆగిపోయేవి.

ఎండాకాలం వస్తే వీధికి ట్యాంకర్ నీళ్ళే గతి. రెండు మూడు రోజులకొకసారి తెల్లారుతుండగా వచ్చేది. వరసలో పెట్టిన బిందెలు చెదిరిపోయి, గొడవ జుట్లు పట్టుకునేదాకా వెళ్ళేది. ఒకనాడు అలాంటి గొడవలో మూలింటి కిరాణా కొట్టాయన నన్ను కేకేశాడు.

"మిలిటరీ అప్పా, సూస్తా నిలబడుకోని ఉండావే! వీళ్ళకు నువ్వయితేనే సరి. ఏదో ఒక దారి సెయ్యప్పా."

"తుపాకీ తెస్తాడా, ఉత్త ఈలతోనేనా?" అంది వరసలోంచి ఒకామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వీధివాళ్ళతో కలిసి నవ్వడం నాకదే మొదలు.

మరుసటి ట్యాంకర్‌కి మెళ్ళో ఈల వేసుకుని వెళ్ళాను. ఒకటే రూలు పెట్టాను, మనిషి లేని బిందె వరసలో ఉండకూడదని. అన్నిటికన్నా ముందు ఒక పచ్చ ప్లాస్టిక్ బిందె ఉంది. దాని వెనక ఎవరూ లేరు.

"ఇదెవరిది?"

"అది అవ్వదప్పా. ఎప్పుడూ ఆడ్నే ఉంటాది."

"అవ్వయితే రమ్మనండి."

"ఆయమ్మకు సేతగాదప్పా..."

"చేతకాకపోతే ఇంట్లో ఇంకెవరినైనా పంపమనండి" అని బిందె తీసి గోడ పక్కన పెట్టాను. ఎవరూ మారుమాట్లాడలేదు. మాట విన్నారనుకుని పొంగిపోయాను.

తర్వాతి ట్యాంకర్‌కి అవ్వ వచ్చింది. వీధి చివరి ముస్లింల ఇల్లు ఆమెది. గోడ పట్టుకుంటూ వచ్చి వరస చివర నిలబడి, "వస్తినప్పా" అంది నాతో. తోసుకుంటున్నవాళ్ళకు ఆమెను చూపించి, "ఈ వయసులో ఆమె పద్ధతిగా నిలబడింది, మీకేమైంది?" అన్నాను. ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకుంది. బిందె ఎత్తుకుంటుంటే ఒకామె చెయ్యి వెయ్యబోయింది. వరస తప్పిందని ఈల వేశాను.

ఆ రోజుల్లోనే వీధి మమ్మల్ని కలుపుకుంది. నా భార్యను ఒకరింట్లో సీమంతానికి పిలిచారు. ఆమె సంబరంగా వెళ్ళి, దిగాలుగా తిరిగొచ్చింది. అవ్వ ఒకప్పుడు వీధిలో పిల్లలందరికీ బొంతలు కుట్టిందట. కొడుకు టమోటా లారీ తోలుతూ ఎక్కువగా ఊళ్ళో ఉండడు. కోడలు చీకటితోనే టమోటా మండీలో కాయలు ఏరే పనికి వెళ్ళిపోతుంది. అందుకని వరసలో ఎవరు ముందుంటే వాళ్ళు ఆ పచ్చ బిందె నింపి, అవ్వ గడప దగ్గర దించి వచ్చేవారట.

"దాన్ని మళ్ళీ ముందు పెట్టించండి" అంది నా భార్య.

ఒకరికి వదిలితే అందరికీ వదలాలన్నాను. అన్నీ తెలిశాక అన్న మాట అది.

కొద్దిరోజులకే అవ్వ మురుగుకాలువ మీది తడి బండమీద పడింది. నేనే ఎత్తి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అందుకు నన్ను అందరూ మెచ్చుకున్నారు. ఆమె మళ్ళీ మంచం దిగలేదు; నేను రోజూ వెళ్ళి చూసినా, నా రూలు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తను నీళ్ళకు వస్తున్నట్టు అవ్వ పడేదాకా ఇంట్లో చెప్పలేదట, చెబితే కోడలు మండీ పని మానేస్తుందని. కోడలేమో గడప దగ్గర బిందె చూసి, ఎప్పటిలాగే వీధివాళ్ళు పోశారనుకుంది.

అవ్వ చనిపోయిన రోజు పుంగనూరు నుంచి కూతురు వచ్చింది. శవం ఇంట్లో ఉండగానే వదినను నిలదీసింది.

"ముసిల్దాన్ని నీళ్ళకు తోలి, నువ్వు మండీలో ముచ్చట్లు పెట్టుకోని కూసున్నావా?"

"నాకు తెలీదు. అల్లా సాక్షిగా తెలీదు."

"ఇంట్లో బిందె యాడికి పోతాండాదో తెలీదంట, సూడండమ్మా!"

వీధంతా అక్కడే ఉంది. కిరాణా కొట్టాయన నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను నోరు విప్పలేదు. నన్ను తమవాడిగా చేసుకున్నారు కాబట్టి వాళ్ళూ విప్పలేదు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కాగానే కొడుకు తన భార్యను కుప్పంలో పుట్టింట దిగబెట్టి వచ్చేశాడు.

రిటైరయ్యాక పుంగనూరు వెళ్ళాను. కొడుకు అప్పటికి చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. ఇద్దరి ముందూ జరిగిందంతా చెప్పాను. చెల్లెలు టీ ఇచ్చి, ఓపికగా విన్నది.

"మీరు పెద్దోళ్ళు సార్. మాయమ్మను ఆస్పత్రికి ఎత్తుకపోయింది మీరేనంట. దేశం కోసరం పన్జేసినోళ్ళు, అందుకే అంతా మీ మీదేసుకుంటాండారు. మా వదిన వచ్చి ఏడ్సిందా మీకాడ?"

"నేను ఆమెను కలవనే లేదమ్మా."

"కలవకనే ఇంత దూరం వస్తారా సార్?"

కొడుకు గడప మీద కూర్చుని రోడ్డు వైపే చూశాడు.

అక్కడి నుంచి కుప్పం వెళ్ళాను. కోడలు రోడ్డు పక్క గోతం పరిచి బీన్స్ అమ్ముతోంది. నేను చెప్పింది విని కాయలు అటూ ఇటూ సర్దింది.

"అయితే వీధోళ్ళు నా మింద కోపంతో బిందె తీసెయ్యలేదా?"

"లేదమ్మా. తీసింది నేను."

"మా ఇంటాయనకు సెప్పినారా?"

"చెప్పాను. ఏమీ అనలేదు."

"అత్త మంచంలో ఉండంగా దినామూ వచ్చి సూసిపోతాంటిరే సార్. అప్పుడేల సెప్పలేదు?"

ఆ వీధికి మళ్ళీ పరాయివాళ్ళమైపోతామని భయపడ్డాను, అంతే. ఆమె ఎవరికో బీన్స్ తూచి ఇచ్చి, నా వైపు చూడకుండానే అంది: "మళ్ళా పొండి. ఆయప్ప ఒక్కడే ఉండేటప్పుడు సెప్పండి. ఆయప్ప నమ్మితే సాలు."

మళ్ళీ వెళ్ళాను. ఈసారి అతను లారీ దగ్గర ఒంటరిగానే దొరికాడు. తాడు బిగిస్తూ మొత్తం విన్నాడు.

"మీరు సెప్పేది నిజమే అయ్యుండొచ్చు సార్. ఇంక రావద్దండి. నాకు ఇంకో సంబంధం కుదిరింది."

ఆ మాట కుప్పంలో చెప్పాల్సింది నేనే. ఇంకా వెళ్ళలేదు.