బీరువా వెనక నిమ్మకాయ నీళ్లు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు భయం, భక్తి రెండూ సమృద్ధిగా ఉండేవి. వాటి పక్కనే కుళ్లు కూడా ఉండేది. మొదటి రెండింటి గురించి చర్చిలో శుక్రవారం ప్రార్థన కూడికల్లో సాక్ష్యం చెప్పేదాన్ని. మూడోదాని గురించి ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. కుళ్లుబోతులంటే పొరుగింటి కొబ్బరిచెట్టు వంక చూసి నిట్టూర్చేవాళ్లని ఆ రోజుల్లో నా అభిప్రాయం. నేను అలాంటిదాన్ని కానని గట్టిగా నమ్మేదాన్ని. నేను కుళ్లుకున్నది ఆస్తిని చూసి కాదు, అందాన్ని చూసి కాదు. మా మేనమామ కూతురి బ్లడ్ ప్రెషర్ని చూసి.

ఆ పిల్లని ఊరంతా బేబీ అనేవారు. నాకంటే ఏడాది చిన్నది, సన్నగా మల్లెతీగలా ఉండేది. (నేను చర్చి బెంచీని ఒక్కదాన్నే అటునించి ఇటు మార్చేదాన్ని. అందుకు నన్ను మెచ్చుకునేవారు కూడా, కానీ బెంచీ మార్చినందుకు వచ్చే మెప్పు ఏపాటిదో ఆడపిల్లలకు తెలుసు.) ఒక శనివారం కొయిర్ ప్రాక్టీసులో, పాట చివర ఆమెన్ అని దీర్ఘం తీస్తూ తీస్తూ బేబీ నెమ్మదిగా నా భుజం మీదికి ఒరిగి, అక్కణ్నించి నేల మీదికి జారిపోయింది. అమలాపురం తీసుకెళ్తే డాక్టరుగారు లో బీపీ అన్నారు. ఎనభై ఎనిమిది, యాభై ఆరు. ఆ రెండు అంకెలూ మా చర్చి సంఘంలో అందరికీ కంఠస్థమయ్యాయి.

అది మొదలు బేబీ వైభవం చూడాలి. కొయిర్లో మేమంతా నిలబడి పాడుతుంటే దానికి మాత్రం నీలం ప్లాస్టిక్ కుర్చీ. ఆరాధన అయ్యాక దానికి కొబ్బరి బొండం. ప్రార్థన అవసరతలు చదివేటప్పుడు వారం వారం దాని పేరే మొదట. నా పేరు ఆ జాబితాలో ఒక్కసారే చదివారు, అదీ టీచరు ఉద్యోగానికి పరీక్ష రాస్తున్నవారిలో పదకొండోది. అది కళ్లు మూసుకుని కాస్త ఊగితే చాలు, పెద్దవాళ్లు "ఎంత లోతుగా ప్రార్థిస్తుందో చూడండి" అనుకునేవారు. నేనూ ఒకటి రెండు ఆదివారాలు ఊగి చూశాను. మా అమ్మ వెనకనించి వీపు మీద తట్టి, "నిద్రొస్తే ముఖం కడుక్కురా" అంది.

చివరికి ఒకరోజు మా సంఘంలోనే ఉన్న రిటైరైన నర్సమ్మగారి ఇంటికి వెళ్లాను. నాకూ కళ్లు తిరుగుతున్నాయండీ అన్నాను. ఆవిడ పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, నవ్వారు.

"నూట ఇరవై, ఎనభై. పుస్తకంలో అచ్చేసినట్టుందమ్మా నీ ప్రెషరు."

"ఎడం చేతికి కూడా చూడండి నర్సమ్మగారూ."

"చూసినా అదీ అంతే ఉంటాది. ఎడం చేతిలో వేరే మనిషి ఉండదు కదా." అని ఆవిడ పట్టీ మడతపెడుతూ నా ముఖంలోకి చూశారు. "అందరూ నీలా ఉంటే మా ఉద్యోగాలు పోయేవి. ఓ పని చెయ్యి. గట్టిదానివి కదా, బేబీని నువ్వే కనిపెట్టుకుని ఉండు."

ఆ సాయంత్రం ఆవిడ నాకు లో బీపీ పాఠం మొత్తం చెప్పారు. అంకె తక్కువుందని అదే జబ్బు కాదట. కొందరు ఆ అంకెతోనే హాయిగా నూరేళ్లు బతుకుతారట. కళ్లు తిరగడం, చూపు మసకబారడం, చెమటలు పట్టి పెదాలు తెల్లబడటం ఉంటేనే చూసుకోవాలట. పడుకున్నవాళ్లు గబుక్కున లేవకూడదు, కాసేపు మంచం అంచున కూర్చుని లేవాలి. ఎండలో కదలకుండా ఎక్కువసేపు నిలబడకూడదు. కడుపు మాడ్చకూడదు, కొంచెం కొంచెంగా తింటుండాలి, నీళ్లు బాగా తాగాలి. తూలితే పట్టుకుని నిలబెట్టకూడదు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఉప్పు కాస్త ఎక్కువ వేసుకోమని డాక్టరుగారు బేబీకి చెప్పారు. "అది దానికి చెప్పిన మాటే. ఊళ్లో అందరూ ఉప్పు డబ్బా దగ్గరికి పోకండి" అని నర్సమ్మగారు వేలు చూపించారు. నేను అన్నిటికీ "ఆయ్" అన్నాను. లోపల మాత్రం, జబ్బు కూడా ఎంత మర్యాదైనది దొరికిందో దీనికి, ఊరగాయ తినమని డాక్టరే చెప్పే జబ్బు, అనుకున్నాను.

ఇంతలో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు వచ్చాయి. మా చర్చిలో మంచి శుక్రవారం నాడు పన్నెండునించి మూడుదాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు వర్తమానం, అంటే ప్రసంగం, చెబుతారు. మొదటి మాట పక్కూరి పాస్టరుగారిది, మూడోది స్త్రీల సమాజానిది, చివరిది మా పాస్టరు అయ్యగారిది. ఐదోది, "నేను దప్పిగొనుచున్నాను" అన్న దప్పిక మాట, ప్రతి ఏడాదీ యౌవనస్థులకు ఇస్తారు. ఏడింటిలోకీ చిన్న మాట, దానికే పెద్ద పోటీ. ఆ ఏడాది అది నాకే వస్తుందని నేను ముందే పన్నెండు పేజీలు రాసి పెట్టుకున్నాను. బేబీవాళ్ల ఇంటి వెనక కాలవగట్టు మీద నడుస్తూ గేదెలకు మూడుసార్లు వినిపించాను కూడా. మట్టల ఆదివారానికి ముందు వారం అయ్యగారు పేర్లు చదివారు. ఐదో మాట, బేబీ.

"బలహీనతలో ఉన్న బిడ్డ. దప్పిక అంటే ఏంటో మనకంటే దానికే తెలుసుద్దండి" అన్నారు అయ్యగారు. సంఘమంతా స్తోత్రం అంది. నేను కూడా అన్నాను. అంత పుల్లని స్తోత్రం ఆ చర్చిలో ఇంకెవరూ చెప్పి ఉండరు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మంచి శుక్రవారం మూడయ్యేదాకా మా సంఘంలో ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టరు. జబ్బువాళ్లకు ఉపవాసం లేదని అయ్యగారు ఏటా చెబుతారు, జబ్బువాళ్లు ఏటా వినరు. పైగా మా సంఘ పెద్ద ఒకాయన ఉండేవారు. పిల్లలు కిచకిచలాడితే బెత్తం చూపించి "సైలెంట్" అనేవారు కాబట్టి మేం ఆయన్ని సైలెంటు మావయ్య అనుకునేవాళ్లం. ఆయన గుమ్మం దగ్గరే కాపలా. బేబీ పొద్దున్నించి ఏమీ తిననని పట్టుపట్టింది. నర్సమ్మగారు బతిమాలి ఒక ఒప్పందానికి తెచ్చారు: తిండి లేకపోయినా, నాలుగో మాట జరుగుతుండగా అయ్యగారు అంగీ తొడుక్కునే చిన్న గదిలోకి వచ్చి, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మకాయ నీళ్లు ఓ సీసాడు తాగాలి. సీసా తెచ్చే పని ఎవరిది? గట్టిదాన్ని కదా, నాది.

నీళ్లు నేనే కలిపాను. ఎర్ర వైరుబుట్టలో పెట్టుకుని, పైన పాటల పుస్తకం కప్పి, సైలెంటు మావయ్య ముందునించే లోపలికి తీసుకెళ్లాను. అంతవరకు నా మనసు బాగానే ఉంది. ఆ గదిలో పాత బీరువా ఒకటి ఉంది. ఎవరైనా చూస్తారేమోనని బుట్టను దాని వెనక్కి తోశాను. (చూసేవాళ్లెవరూ లేరు. అది నాకు తోస్తుండగానే తెలుసు.) అప్పుడొక ఆలోచన వచ్చింది. ఈ నీళ్లు లేకపోతే బేబీ నీరసంగా ఉందని తప్పుకుంటుంది. యౌవనస్థుల్లో ఇంకెవరు సిద్ధంగా ఉన్నారని అయ్యగారు అడుగుతారు. పన్నెండు పేజీలూ నా బైబిల్లోనే ఉన్నాయి.

నాలుగో మాట సగంలో ఉండగా బేబీ వచ్చింది. తెల్లచీర, నుదుటి మీద చెమట.

"నీళ్లేవి వదినా?"

"అయ్యో, ఇంటిదగ్గర మర్చిపోయేనే" అన్నాను. మంచి శుక్రవారం, మధ్యాహ్నం, గోడకు అవతల సిలువ గురించి చెబుతుండగా.

బేబీ నన్ను ఓ క్షణం చూసింది. "సర్లే వదినా" అని స్టూలు మీద కూర్చుని, తన కాగితాలు తీసి, బల్ల మీదున్న పెన్సిలుతో ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. ఈ ఆఖరి నిమిషంలో కూడా మెరుగులు దిద్దుతోంది చూడు అని నాకు ఇంకాస్త మండింది. అది తప్పుకోలేదు. పేరు పిలవగానే లేచి వెళ్లిపోయింది.

బాగా చెప్పింది. నిజం చెప్పాలంటే నా పన్నెండు పేజీలకంటే బాగా చెప్పింది. ఐదు నిమిషాలయ్యాక రెండు చేతులతో ప్రసంగ వేదిక అంచు పట్టుకుంది. మాట నెమ్మదించింది, మాటకూ మాటకూ మధ్య ఖాళీ పెరిగింది. ఆ ఖాళీల్లో జనం ఆమెన్ అంటున్నారు. స్త్రీల వైపు కొంగులు కళ్లకు వెళ్లాయి. సైలెంటు మావయ్య కూడా కళ్లు మూసుకుని తలాడించారు. అది ఆత్మావేశమని అందరూ అనుకుంటున్నారు. నేనొక్కదాన్నే పక్క గుమ్మంలోనించి దాని పెదాలు చూస్తున్నాను. సున్నం రంగులో ఉన్నాయి. నర్సమ్మగారి పాఠం మొత్తం వరసగా గుర్తొచ్చింది: ఎండ, ఖాళీ కడుపు, కదలకుండా నిలబడటం. వేదికకు మూడు సిమెంటు మెట్లున్నాయి. అది వెనక్కి పడితే తల ఎక్కడ తగులుతుందో కూడా కనబడింది.

నేను బీరువా వెనక్కి ఎలా దూరానో నాకు తెలియదు. సీసా పట్టుకుని వేదిక మీదికి పరిగెత్తి, అది ఒరిగిపోయే లోపల నడుం పట్టుకుని కింద పడుకోబెట్టాను. ప్రార్థనకు మోకరించే పీట లాగి బేబీ కాళ్లు దాని మీద పెట్టాను. కాసేపటికి కళ్లు తెరిచి మాట్లాడాక, తల ఎత్తి గుక్క గుక్కగా నీళ్లు పట్టించాను. చర్చి అంతా లేచి నిలబడింది.

"అమ్మాయ్, ఇంకా మూడవలేదు" అన్నారు సైలెంటు మావయ్య.

"మూడయ్యేదాకా ఆగితే పిల్ల ఆగదండి. తవరు కూర్చోండి" అన్నారు నర్సమ్మగారు, స్త్రీల వైపునించి వస్తూ.

అయ్యగారు చెయ్యెత్తారు. "దప్పిక మాట చెబుతా దప్పికన్న పిల్లకి నీళ్లివ్వడానికి గడియారం చూస్తారా పెద్దయ్యగారూ? కూర్చోండి అందరూ."

కూర్చున్నారు. బేబీ ముఖంలోకి రంగు వచ్చింది. పడుకునే నా చేతిలో కాగితం పెట్టి, నాకు మాత్రమే వినబడేలా, "మిగతాది నువ్వు చదువొదినా. నీ పన్నెండు పేజీలూ కాదు, ఇది" అంది.

నేను ఎంతో కోరుకున్న చోట, ఎంతో కోరుకున్న మాట మీద నిలబడ్డాను. చదివాను. సిలువ దగ్గర నీళ్లకు బదులు చిరక, అంటే పులిసిన ద్రాక్షరసం, అందించినవాళ్ల గురించి ఉంది. చివరి నాలుగు వరసలు పెన్సిలుతో ఉన్నాయి. సగం చదివాకగాని అవేమిటో తెలియలేదు. "దప్పికన్నవారికి చిరక ఇచ్చేవాళ్లు కొందరు, చల్లని నీళ్లిచ్చేవాళ్లు కొందరు. ఈ రోజు నా కోసం ఎండలో నీళ్లు మోసుకొచ్చిన మా వదిన ఇక్కడే ఉంది. ఆమె ఎటువంటిదో ప్రభువుకు తెలుసు."

కళ్లలో నీళ్లు ధారగా కారాయి. సంఘమంతా ఒక్కసారి ఆమెన్ అంది. అది నా జీవితంలోకెల్లా పెద్ద ఆమెన్. ఆ ఒక్కటీ నాది కాదని నాకు, ప్రభువుకు తెలుసు. (ఇంకొకరికి కూడా తెలుసని అప్పుడు తెలియదు.)

పునరుత్థాన ఆదివారం, ఈస్టరు నాడు, ప్రార్థనలో మొదట నా పేరు చదివారు. నాకు కొబ్బరి బొండం ఇచ్చారు. అడిగినవన్నీ దేవుడు ఒకేసారి ఇచ్చేస్తే ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. సోమవారం పొద్దున్నే మాగాయ జాడీ పట్టుకుని మా మావయ్యగారింటికి వెళ్లాను. బేబీ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"బేబీ, ఆ నీళ్లు నేను మర్చిపోలేదే."

"తెలుసొదినా. బుట్ట పిడి బయటకే ఉంది."

నేను జాడీ కింద పెట్టి దాని పక్కన కూలబడ్డాను. "మరి పెన్సిలుతో రాసిన ఆ నాలుగు వరసలు..."

"నాలుగో మాట అవుతుంటే రాసేను. నీ ముందే చదివి నీ ముఖం ఎలా మారుద్దో చూద్దామని. ఈలోగా కళ్లు తిరిగిపోయేయి."

"బుట్ట కనబడితే నువ్వే తీసుకుని తాగొచ్చు కదే. చచ్చిపోతే?"

"నువ్వే తీసిస్తావేమోనని చూసేను." జాడీ మూత తీస్తూ, "తీసేవులే, కాస్త ఆలస్యంగా" అంది. మాగాయ వాసన చూసింది. "నీకేం వదినా, మూడు గంటలు నిలబడి పాడతావు. నన్ను కూర్చోబెట్టి అందరూ నా వంక చూస్తారు. ఆ కుర్చీ ఎత్తుకెళ్లి కాలవలో పడేద్దామని ఎన్నిసార్లనుకున్నానో."

ఆ కుర్చీ కోసమే నేను ఏడాదిపాటు మండిపోయానని దానికి చెప్పలేదు. ఒక రోజుకు ఒక ఒప్పుకోలు చాలు.

ఇప్పుడు నేను బళ్లో టీచర్ని. నర్సమ్మగారు మెచ్చుకున్న నూట ఇరవై, ఎనభై ఏ ఏడు ఏ మెట్టెక్కిందో తెలియదుగాని, పోయినేడు నూట యాభై ఆరు దగ్గర డాక్టరుగారు పట్టుకున్నారు. మాత్రలు రాశారు, ఉప్పు తగ్గించమన్నారు, ఊరగాయలు మానమన్నారు. రాజోలులో కాపరముంటున్న బేబీకి మాత్రం ఇప్పటికీ తక్కువే. ఇప్పుడది గబుక్కున లేవదు, కడుపు మాడ్చదు, హాయిగా మాగాయ తింటుంది. మొన్న మంచి శుక్రవారానికి వచ్చి, ఇప్పుడు గుమ్మం దగ్గర కాపలా ఉండే సైలెంటు మావయ్యగారి అబ్బాయి చూస్తుండగానే, అదే రకం వైరుబుట్టలోనించి రెండు సీసాలు తీసింది. ఒకదాని మెడకు ఎర్ర దారం కట్టి ఉంది.

"దారం ఉన్నది నీది వదినా. ఉప్పు వెయ్యలేదు, చప్పగా ఉంటాది. నాది తాగెయ్యకు."

ఇద్దరం ఆ చిన్న గదిలోనే, ఆ బీరువా పక్కనే కూర్చుని తాగాం. ఏళ్లు గడిచాయి, వాక్యం ఎంతో విన్నాను, పిల్లలకు కూడా అసూయ పడకూడదని వారం వారం చెబుతున్నాను. అయినా నా చప్పటి నీళ్లు ఒక గుక్క మింగి దాని సీసా వంక చూశాను. బేబీ ఆ చూపు పట్టేసింది. తన సీసాను తీసి, బీరువా వెనక్కి తోసింది.