సగానికి కోసిన వీడియో

మొదటి దెబ్బ నాకు తగలలేదు. బల్ల మీద స్టాండుకు బిగించి ఉన్న నా ఫోనుకు తగిలింది. క్రికెట్ బ్యాటు అంచు తగిలి అది ఎగిరి గోడకు కొట్టుకుని కింద పడింది. రెండో దెబ్బకు నా కుడి మణికట్టు విరిగింది. ఎండిన కందికట్టె విరిచినట్టు ఆ చప్పుడు నా చెవులకు వినిపించింది. నొప్పి తర్వాత వచ్చింది.

శింగనమలలో బస్సులు ఆగే చోట మాకొక చిన్న సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. మా నాయన అక్కడ మొదట రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసేవాడు. మేము ముస్లింలం, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతాం. నాయన పోయాక దుకాణాన్ని నేను, నా భార్య కలిసి నడుపుతున్నాం. పగిలిన డిస్‌ప్లేలు మార్చడం ఆమె పని, ఫోను లోపలి బోర్డు పని నాది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నేను ఫోను ముందు కూర్చుని వీడియోలు చేసేవాణ్ణి. ఏ ఫోను మా ఎండలకు తట్టుకుంటుంది, ఏ యాప్ అడగకూడని అనుమతులన్నీ అడుగుతుంది, కొత్తగా వచ్చిన ఏఐ సాఫ్ట్‌వేర్ తెలుగులో ఎంత చక్కగా అబద్ధాలు చెబుతుంది, ఇలాంటివన్నీ మా మాటల్లోనే చెప్పేవాణ్ణి. నా భార్య ప్లైవుడ్ అడ్డం వెనక పని చేసుకుంటూ వినేది. నేనేదైనా తిక్కగా అంటే ఆమె నవ్వు కూడా వీడియోలో పడేది.

అన్నిటికన్నా నాకు ఇష్టం రోబోల సినిమాలు, అంతరిక్షం సినిమాలు. చిన్నప్పుడు బాగుచేసిన టీవీని పరీక్షించడానికని నాయన సాయంత్రం దాకా నడిపించేవాడు. వేరే గ్రహం నుంచి వచ్చిన మనిషి కళ్ళలోంచి మంట వస్తుంటే, ఆ వోల్టేజీ ఎక్కణ్ణించి వస్తోందిరా అని నన్ను అడిగేవాడు. సినిమాను ప్రేమిస్తూనే ప్రశ్నించడం నాకు అలా అలవాటైంది.

ఆ ఏడాది ఎండాకాలంలో ఒక పెద్ద హీరో సినిమా వచ్చింది. పేర్లు అక్కర్లేదు. భూమి మీద నీళ్ళన్నీ ఇంకిపోయిన కాలంలో జరిగే కథ. యంత్రాలు మిగిలిన నీళ్ళకు కాపలా కాస్తుంటాయి, హీరో వాటిని చీల్చుకుంటూ పోతాడు. నేను అనంతపురం పోయి చూసి వచ్చి, మర్నాడు వీడియో చేశాను. అందులో నేనన్న మాట ఇది: "ఈ సినిమా చెత్త అని నాకు ఫోన్ చేసి చెప్పినోళ్ళు చానామంది ఉండారు. చూసినాంక నాకట్ల అనిపించల్యా." యంత్రాల తయారీ బాగుందన్నాను. హీరో కష్టపడ్డాడన్నాను. ఒక్కటే నచ్చలేదన్నాను. గొంతు తడుపుకోవడానికి నీళ్ళు లేవని ఏడ్చే జనం ఒంటి మీద ఇస్త్రీ బట్టలు ఎక్కడివని అడిగాను. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టినవాళ్ళు ఈ సినిమా తీసిన వాళ్ళలో ఒక్కరున్నా ఆ తప్పు జరిగేది కాదన్నాను. అడ్డం వెనక నా భార్య గట్టిగా నవ్వింది.

ఎవరో ఆ వీడియోను కోశారు. "ఈ సినిమా చెత్త" అన్న చోట ఆపి, ఇస్త్రీ బట్టల మాట అతికించి, ఆ పైన హీరో చిన్నతనంలో తల్లి శవం దగ్గర ఏడ్చే సీను పెట్టి, దాని మీద నా భార్య నవ్వు వేశారు. చూసిన ఎవరికైనా తల్లి చచ్చిపోతే మేము నవ్వుతున్నట్టే ఉంటుంది. పొద్దున లేచేసరికి నా అసలు వీడియోను ఎన్నడూ చూడనంత మంది ఆ ముక్కను చూసి ఉన్నారు. కాళ్ళు విరగ్గొడతామన్నారు, నాలుక కోస్తామన్నారు. కొందరు నా భార్యను ఏం చేస్తారో రాశారు, అది నేనిక్కడ రాయలేను. మధ్యాహ్నానికి సినిమా సంగతి వదిలేసి నా మతం ఎత్తుకున్నారు. నేను వీడియోలు పెట్టే యాప్ వాళ్ళకు ఫిర్యాదు చేశాను. ఆ వీడియో మా నియమాలకు విరుద్ధంగా లేదని జవాబు వచ్చింది. ఆ జవాబు మనిషి రాసింది కాదని నాకు తెలుసు.

ఆ మర్నాడు పొద్దున్నే బైకుల మీద ఏడెనిమిది మంది వచ్చారు. షట్టరు అప్పుడే ఎత్తాను. బ్యాటు పట్టుకున్నవాడు లోపలికి వచ్చి అడిగాడు.

"నువ్వేనా మా అన్న సినిమా చెత్త అన్న్యది?"

"మొత్తం వీడియో చూడప్పా, నేనట్ల అనల్యా," అన్నాను.

"చూసినాంలే," అన్నాడు వాడు, బ్యాటు ఎత్తుతూ.

మణికట్టు విరిగాక నేను కింద పడ్డాను. డొక్కల్లో తన్నారు. ఎవడిదో చెప్పు నా నోటి మీద పడి పై పెదవి పళ్ళకు తగిలి చీలింది. ఒకడు నా ఛాతీ మీద కూర్చుని హెల్మెటుతో తల మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకు నా తల నేలకు కొట్టుకునేది. కింద పడిన డిస్‌ప్లే గాజు పెంకులు చెంపలో దిగాయి. తలుపు దగ్గర ఒకడు నిలబడి ఇదంతా ఫోనులో తీస్తున్నాడు. ఆ ఫోను మోడల్‌ను ఒక వీడియోలో నేనే మెచ్చుకున్నాను, చెయ్యి కదిలినా బొమ్మ కదలదని. తర్వాత ఆ వీడియో చూసినప్పుడు నేను చెప్పింది నిజమేనని తెలిసింది. నా నోట్లోంచి నెత్తురు కారడం ఎక్కడా మసక లేకుండా కనిపించింది.

నా భార్య అడ్డం వెనకనుంచి వచ్చింది. కేక వేయలేదు. ఆమె చేతిలో ఇనుప స్టూలు ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి తిప్పింది. మొదటి దెబ్బ నా మీద కూర్చున్నవాడి భుజానికి తగిలింది. వాడు ఏమిటా అని తల తిప్పాడు. రెండోసారి స్టూలు కాలు వాడి ఎడమ కంట్లోకి పోయింది. వాడు హెల్మెటు వదిలేసి ముఖం పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు నా చొక్కా మీద పడింది.

మిగతావాళ్ళు ఆమె మీద పడ్డారు. జుట్టు పట్టి లాగి, బల్ల అంచుకు తల కొట్టారు. ఆ పెనుగులాటలో బల్ల తిరగబడింది. దాని మీద ఒక ఉబ్బిన బ్యాటరీని, అంటుకుంటుందేమోనని ఇసుక డబ్బాలో పెట్టి ఉంచాను. అది దొర్లి ఒకడి బూటు కింద పడింది. ముందు పాము బుసకొట్టినట్టు చప్పుడైంది. వెంటనే తెల్లటి పొగ, ఆ పొగలోంచి మంట. బూటు వేసుకున్నవాడి ప్యాంటు అంటుకుంది. వాడు అరుస్తూ బయటికి పరుగెత్తాడు. వాడి వెనక అందరూ పరుగెత్తారు. బైకులు కదిలిన చప్పుడు విన్నాను.

కన్ను పట్టుకున్నవాణ్ణి వదిలేసి పోయారు.

ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు కాలినట్టు ఉంటుంది. నా భార్య నా చంకల కింద చేతులు పెట్టి రోడ్డు మీదికి ఈడ్చింది. నన్ను అక్కడ పడేసి మళ్ళీ లోపలికి పోయింది. నేను వద్దని అరవబోతే నోట్లోంచి నెత్తురే వచ్చింది. ఆమె దగ్గుతూ, వాణ్ణి చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాక్కుంటూ బయటికి వచ్చింది.

అప్పటికి బస్సు కోసం నిలబడిన జనం, పక్క దుకాణాల వాళ్ళు గుమికూడారు. ఎదుటి హోటలు ఆయన పొయ్యిలోని కట్టె తీసుకుని వాడి వీపు మీద కొట్టాడు. ఇంకెవరో నడుములో తన్నారు. అంతవరకు మమ్మల్ని కొడుతుంటే చూస్తూ నిలబడినవాళ్ళే వాణ్ణి కొట్టడానికి ముందుకు వచ్చారు. వాడు రెండు చేతులూ ముఖం మీదినుంచి తీయకుండా మట్టిలో ముడుచుకుపోయాడు. నా భార్య వాడికీ జనానికీ మధ్య నిలబడింది. ఆమె నుదుటి మీద చర్మం చీలి నెత్తురు కారుతోంది.

"సాలు. వాని కన్ను పోయినట్టుండాది," అంది.

అంబులెన్సు ఒక్కటే వచ్చింది. మమ్మల్ని ముగ్గుర్నీ అందులోనే అనంతపురం తీసుకుపోయారు. దారి పొడుగునా వాడు అమ్మా అమ్మా అని మూలిగాడు. నా భార్య కిటికీ అవతలికి చూస్తూ కూర్చుంది.

వాడు ఆటో నడుపుతాడని, పాతికేళ్ళు కూడా లేవని పోలీసులు చెప్పగా తెలిసింది. నా చేతికి కట్టు వేసి ఆసుపత్రిలోనే ఉంచారు. కాస్త నడవగలిగాక కంటి వార్డుకు పోయాను. ఎందుకు పోయానో నాకే సరిగ్గా తెలియదు. కోపమైతే తగ్గలేదు. మంచం మీద ఉన్నవాడి గొంతు పిసకాలని ఒకపక్క ఉంది.

వాడి తల్లి నన్ను గుర్తుపట్టింది. అంబులెన్సు దగ్గర చూసినట్టుంది. చేతిలోని స్టీలు క్యారియరుతో నా ఛాతీ మీద గుద్దింది. డొక్కల్లో ఎముకలు అప్పటికే పగిలి ఉన్నాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. "నీ పెండ్లాం చేతులు పడిపోను," అని రెండోసారి ఎత్తింది. నర్సు వచ్చి పట్టుకుంది. మంచం మీదినుంచి వాడు, ఉండమ్మా అన్నాడు. వాడి రెండు కళ్ళకూ కట్టు ఉంది.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. సినిమా ఎన్నిసార్లు చూశావని వాణ్ణి అడిగాను.

"చూడల్యాన్నా. టికెట్టు దొరకల్యా."

"మరి నా వీడియో?"

"ఆ ముక్కే. గ్రూపులో వచ్చింది."

చూడని సినిమా కోసం, వినని మాట కోసం వాడు నా తలను నేలకేసి కొట్టాడు. వాడి తల్లి ఫోను అడిగి తీసుకున్నాను. ఆమె ఎందుకిచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎడమ చేత్తో వెతికి నా అసలు వీడియో పెట్టి వాడి దిండు పక్కన ఉంచాను. వాడు కదలకుండా మొత్తం విన్నాడు. నవ్వు వచ్చిన చోట తల కొంచెం ఎత్తాడు.

"ఆ నగింది ఆ యమ్మేనా?"

అవునన్నాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తల్లి నన్ను ఇక పొమ్మంది.

వాడి కన్ను తిరిగి రాలేదు. కేసులు రెండు వైపులా పెట్టారు. మా మీద వాళ్ళు, వాళ్ళ మీద మేము. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు, చివరికి కోర్టులో రాజీ అయింది. మొదట బ్యాటు ఎత్తినవాడు రాజీకి రాలేదు, వేరే ఊరికి పోయాడని చెప్పారు. నా మణికట్టు వంకరగా అతుక్కుంది. సన్నటి సోల్డరింగు పట్టు ఇక నా చేతికి లేదు. బోర్డు పని కూడా నా భార్యే నేర్చుకుంది.

నన్ను కొట్టిన వీడియో మాత్రం అన్నిటికన్నా బాగా తిరిగింది. ఆ సినిమాలోని యుద్ధం పాట దాని వెనక పెట్టారు. విడపనకల్లులో మా మామగారికి, ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపే మా పిన్నమ్మ కొడుక్కి కూడా అది చేరింది. మా పిన్నమ్మ కొడుకు ఫోను చేసి, కత్తులు తీసుకుని వస్తాం, వాళ్ళ ఇండ్లు చూపించమన్నాడు. వద్దని ఒప్పించడానికి నాకు వారం పైనే పట్టింది. నేను చూసిన సినిమాల్లో యంత్రాలు వాటంతట అవి లేచి మనుషుల్ని చంపడానికి వస్తాయి. నాకు జరిగిందాంట్లో యంత్రం చేసింది చాలా చిన్న పని. ఏ ముక్క చూస్తే ఎవరికి కోపం వస్తుందో కనిపెట్టి, సరిగ్గా వాళ్ళకే చూపించింది. బ్యాటు పట్టుకున్నవి మనుషుల చేతులే. టెక్నాలజీ గురించి నాకు అభిప్రాయం అంటూ ఏదైనా గట్టిగా మిగిలిందంటే అదే. వీడియోలు మళ్ళీ చేస్తున్నాను. సినిమాల గురించి కూడా చెబుతున్నాను. రెండు వాక్యాల్ని విడదీసి కోయడానికి వీలు లేకుండా మాట్లాడాలని మొదట్లో ప్రయత్నించాను. అది కుదరదని తెలిసి మానేశాను. నా భార్య మాత్రం నేను మాట్లాడుతున్నంతసేపు దుకాణం బయట నిలబడుతుంది.

ఆ రోజు గురించి ఆమె మాట్లాడదు. ఒకసారి నేనే కదిపాను. "కంటికి గురిపెట్టల్యా నేను. కానీ కొట్టల్లనే కొట్టినా," అంది, అంతే.

మొన్న ఎండాకాలంలో మేము విడపనకల్లులోని ఆమె పుట్టింటికి పోతున్నాం. అనంతపురంలో బస్సు దాదాపు నిండాక ఆ కన్ను పోయినవాడు ఎక్కాడు. మా వరసలోనే, నడవకు ఆ పక్క సీటు దొరికింది వాడికి. మేము వాడికి ఎడమవైపు, చూపు లేని వైపు ఉన్నాం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో ఏదో ఫైటు చూస్తున్నాడు. పోయిన కంటి మీద రెప్ప లోపలికి కుంగి ఉంది. నా భార్య అది చూసింది. ఆమె చెయ్యి ముందు సీటు కమ్మీని పట్టుకుని తెల్లబడింది. లేచి ముందుకు పోదామా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఉరవకొండ దాకా వాడి ముఖం వైపే చూస్తూ కూర్చుంది. వాడు ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

ఉరవకొండలో దిగడానికి లేచినప్పుడు బస్సు కుదిపింది. వాడు పట్టుకోబోయిన కమ్మీ చేతికి అందలేదు. గాల్లో రెండుసార్లు తడుముకున్నాడు. నా భార్య సగం లేచింది. అంతలో వాడి చేతికి కమ్మీ దొరికింది, దిగిపోయాడు.

బస్సు కదిలాక ఆమె అడిగింది.

"పిలిచినా ఏం చెప్పల్ల వానికి?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని కిటికీ అద్దం పక్కకు జరిపింది. వేడిగాలి ముఖానికి కొట్టింది.