మూడో తరగతి కుళాయి

మా ఆయన పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తారు. ఇంటికొచ్చి, లోకం ఎలా నాశనమైపోతుందో నవలలు రాస్తారు. ఒకదానిలో నగరం ఎండకి మాడిపోయింది, ఇంకోదానిలో గాలికి రేషను పెట్టారు. ఇన్నేళ్ళలో ఆయన పుస్తకంలో ఒక్క ప్రాణి సుఖంగా నిద్రపోయిన పాపాన పోలేదు. ఇదేం రాతండీ అంటే, ఇప్పుడు జరుగుతున్నదాన్నే కాస్త ముందుకు లాగి చూపిస్తున్నాను, భయపడితే మనుషులు మారతారు అంటారు. బొద్దింక కనబడితే మాత్రం ఆయనే ముందు మంచమెక్కుతారు.

మేముండేది మూడో అంతస్తులో. మెట్లెక్కలేదు కాబట్టి అత్తయ్యని కిందే ఒంటిగది వాటాలో ఉంచాం. నేను కావలసినప్పుడల్లా చెంచాతో నీళ్ళ గొట్టం మీద కొడుతుంది. ఆ చప్పుడు గొట్టం వెంట మా వంటింట్లోకొస్తుంది, నేను పరిగెత్తుతాను. అత్తయ్యకి నడుం కింద పుళ్ళు పడ్డాయి. పూటపూటా కడిగి తుడవకపోతే చీము పడుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

వెనకాల కుంటని పూడ్చి ఇంకో భవనం లేపినప్పటి నుంచి మా బోరు దగ్గుతోంది. మా భవనం నిలబడింది కూడా ఆ కుంట రెండో సగం మీదే, కాని మీటింగులో ఆ మాట ఎవరూ ఎత్తరు.

సరిగ్గా అప్పుడే మా ఆయన కొత్త నవల వచ్చింది. అందులో నీళ్ళు ఎండిపోయిన ఒక నగరం. మనుషుల్ని మూడు తరగతులు చేస్తారు. సంపాదించేవాళ్ళకి కుళాయి రోజంతా వస్తుంది, ఇంటిపనివాళ్ళకి పూటకి గంట, ఎందుకూ పనికిరారనుకున్నవాళ్ళకి రోజుకో బకెట్టు. అంతా నిజంలా ఉండాలని మా ప్లంబర్ని పట్టుకుని, మేడమీద ఏ వాల్వు ఎంత తిప్పితే ఎన్ని నీళ్ళు ఆగుతాయో గుచ్చిగుచ్చి అడిగి మరీ రాశారు.

భవనం సెక్రటరీ అడిగితే ఒక ప్రతి సంతకం చేసి ఇచ్చారు. రెండు రోజుల్లో ఆ పెద్దమనిషి చెమ్మగిల్లిన కళ్ళతో వచ్చి, ఇలాంటి మేధావిని ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఊరంతా వెతికానని మా ఆయన చేతులు పట్టుకున్నాడు. పొగడ్త అనుకుని మా ఆయన ఉబ్బిపోయారు. పిచ్చిదాన్ని, నేను టీ కూడా ఇచ్చాను.

ఆదివారం మేడ మీద చూస్తే ప్రతి వాల్వుకీ ఒక గుడ్డపీలిక కట్టి ఉంది. పచ్చ, పసుపు, ఎరుపు. మీటింగులో అందరూ చేతులెత్తారట. ఎవరికి వాళ్ళు మొదటి తరగతి అనుకునే ఎత్తి ఉంటారు. మాకు పచ్చపీలిక, రచయితగారు కదా. అత్తయ్య వాటాకి ఎర్రపీలిక, అంటే రోజుకో బకెట్టు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా కుళాయి నీళ్ళు పట్టి రెండు బకెట్లు కిందికి మోస్తుంటే సెక్రటరీ మెట్ల మీద అడ్డం నిలబడ్డాడు. ఒక తరగతి నీళ్ళు ఇంకో తరగతికి మొయ్యకూడదట.

“ఏ దేవుడు చెప్పాడండీ?” అన్నాను.

“ఏడో అధ్యాయంలో ఉంది కదమ్మా,” అన్నాడు, నొచ్చుకున్నట్టు మొహం పెట్టి.

బకెట్లతో వెనక్కొచ్చి మా ఆయన్ని కడిగేశాను. మీ అమ్మ పుళ్ళకి పట్టే చీమూ నెత్తురూ కూడా ఏ అధ్యాయంలో ఉన్నాయో చెప్పండి అన్నాను. మనిషి పాలిపోయారు. ఆ సాయంత్రమే మీటింగు పెట్టించి, నవల చదివి భయపడాలి గాని పాటించకూడదని నెత్తీనోరూ కొట్టుకున్నారు.

“భయపడ్డాం సార్,” అన్నాడు సెక్రటరీ. “అందుకేగా పాటిస్తున్నాం.”

అందరూ తలలూపారు. చివరి అధ్యాయంలో జనం తిరగబడతారయ్యా అని మా ఆయన గుర్తుచేశారు. అంతదూరం వెళ్ళలేదు, పదో అధ్యాయానికే మా పని అయిపోయిందని సెక్రటరీ వినయంగా చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే గొట్టం మోగింది. లోపల నీళ్ళు లేవేమో, ఎప్పటికంటే గట్టిగా మోగింది. నేను లేచేలోపే మా ఆయన రెండు బకెట్లూ ఎత్తుకుని గుమ్మం దాటారు. ఆయన బకెట్టు మోయడం నేను చూడటం అదే మొదలు. నేనూ వెనకే పరిగెత్తాను. మెట్ల మీద సెక్రటరీ ఎదురయ్యాడు.

“గురువుగారూ, ఏడో అధ్యాయం...”

“రాసింది నేనే. కొట్టేశాను, తప్పుకోండి.”

సెక్రటరీ తప్పుకున్నాడు గాని, కొత్త ముద్రణ వచ్చేదాకా పాతదే అమల్లో ఉంటుందని వెనకనుంచి గుర్తుచేశాడు. మేం ఆగలేదు.

అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, పుళ్ళు కడిగి మెత్తగా తుడిచాను. తల కూడా రుద్దాను. చెంబుతో ముంచి పొయ్యడం ఆయన వంతు. ఎవరు చెప్పారో గాని, సంగతంతా ఆవిడ చెవిన పడనే పడింది.

“నీ కథలో కూడా నాలాంటి ముసలమ్మ ఉందటగా. దానికి ఎవరు నీళ్ళు పోశార్రా?”

“ఎవరూ పోయలేదమ్మా.”

“అదేం? దానికి కొడుకు లేడా?”

“ఉన్నాడు.” చెంబు ఆయన చేతిలోనే ఆగిపోయింది. “పోశాడని రాస్తే ఎవరూ నమ్మరనుకున్నాను.”

నాకు ఆయన మొహం చూడాలనిపించలేదు, ఏడుపొచ్చేలా ఉంది.

“సబ్బు కళ్ళల్లో పడుతోంది,” అంది ఆవిడ, తల వంచి. “పొయ్యి.”

ఆయన పోశారు.