ఉమైమా కుడి చెయ్యి

బోధన్‌లో గోదావరి టీచర్ మాట వస్తే ముందు చేతిరాత ముచ్చటే వచ్చేది. "ఆమె దగ్గర ఎల్కేజీల ఏస్తే సాలు, పిల్లల రాత అచ్చు గుద్దినట్లొస్తది" అని తల్లులు చెప్పుకుంటుంటే ఆమె విననట్లే నడిచిపోయేది. ఇంటికి వెళ్లాక మాత్రం తల్లి ఈరవ్వకు పూసగుచ్చినట్లు చెప్పేది.

ఈరవ్వ బీడీలు చేసి బిడ్డను చదివించింది. గోదావరికి పాలపళ్లు ఊడకముందే ఒళ్లో తంబాకు చాట పెట్టింది. బీడీ చుట్టే తునికాకు ఆ పిల్ల వేళ్ల మధ్య నిలవక విచ్చుకుంటుంటే, బీడీలు కట్టే దారంతోనే ఆ వేళ్లను కలిపి కొన్నాళ్లు కట్టింది. వేళ్లు దారికొచ్చాయి. ఆ వేళ్లతోనే గోదావరి ఫీజులు కట్టుకుంది, డిగ్రీ పూర్తిచేసింది, రామ్‌దాస్ సార్ ప్రైవేటు బడిలో చిన్నపిల్లల క్లాసుకు కుదిరింది. అందుకే పెన్సిల్ జారవిడిచే పిల్లలను చూసినప్పుడు ఆమెకు వేరే ఉపాయం వెతకాలనిపించలేదు. సంచిలో ఎప్పుడూ ఒక దారపుండ ఉండేది. పెన్సిల్‌నూ మూడు వేళ్లనూ కలిపి నొప్పి పుట్టనంత వదులుగా చుట్టేది. నాలుగు గీతల కాపీలో పేజీ నిండాక విప్పేది.

ఈ ఏడు చేరిన ఉమైమా మాటల పుట్ట. దారిలో చెరుకు లారీ ఆగితే దానికి ఎందుకు కోపమొచ్చిందో కూడా చెప్పేది. నాలుగేళ్ల పిల్ల. రాత దగ్గరికొచ్చేసరికి దారం కట్టినా ఆ చెయ్యి గీత దాటేది. "ఖరాబ్ చెయ్యి" అంది గోదావరి ఒకరోజు, నవ్వుతూనే, దాని మీద చిన్నగా ఒకటి వేసి. క్లాసంతా నవ్వింది. ఉమైమా కూడా నవ్వింది. సాయంత్రం తల్లి రుఖయ్యా వచ్చినప్పుడు దారం చుట్టే తీరు చూపించి, ఇంటి దగ్గర కూడా అట్లాగే రాయించమని చెప్పి పంపింది.

ఆ తర్వాత నిజామాబాద్‌లో టీచర్లకు ట్రైనింగ్ జరిగింది. పిల్లల డాక్టరమ్మ ఒకామె తెర మీద రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన చూపించింది. ఒకటి పెద్దవాళ్ల మణికట్టు. రెండోది నాలుగేళ్ల పిల్లది. పెద్ద చేతిలో ఎముకలు ఇటుకలు పేర్చినట్లున్నాయి. చిన్న చేతిలో సగం చోట్ల ఏమీ లేదు, నలుపే.

"అక్కడ ఇంకా మెత్తటి మృదులాస్థే. ఎముక గట్టిపడాలి, వేళ్లకు పట్టు రావాలి. అప్పటిదాకా మట్టి పిసకనివ్వండి, ఇసుకలో ఆడనివ్వండి. రాత తర్వాత" అందామె. ఈ వయసు పిల్లలకు పెద్దలు నవ్వులాటకు అన్న మాట కూడా నిజంగానే తోస్తుందని చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. గోదావరి తన రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది.

తిరిగొచ్చేసరికి ఉమైమా బడి మానేసింది. గోదావరి వాళ్లింటికి పోయింది. రుఖయ్యా గడపలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది.

"రాండ్రి మేడం. పిల్ల బడికి రానంటుంది. పెన్సిల్ చూస్తే సాలు మంచం కిందికి దూరుతది. నేనైతే ఊకుంటలేను. మీరు చెప్పినట్లే రోజు కడుతున్న. రాయకుంటే రెండు తగిలిస్తున్న గూడ."

"కట్టకుండ్రి రుఖయ్యా. కొట్టకుండ్రి."

"మరి?"

"దాని చేతిల ఎముకలింక తయారు కాలేదు. ఈ వయసుల రాయించొద్దు."

రుఖయ్యా నవ్వింది. "అరె, మొన్నటిదాంక గీ ఎముకల ముచ్చట లేకుండె గదా?"

"నాకు తెల్వకుండె. తెలుసుకోకుండనే కట్టిన. తప్పు నాది."

కత్తెర ఆగింది.

"నా చేతిలున్న ఆకు దాని చేతికి రావద్దని కొట్టిన మేడం. సదువుకున్నోళ్లు చెప్పిండ్రు గదా అని కొట్టిన. గిప్పుడు ఆ దెబ్బలు ఎవరివి?"

"పిల్లను పంపుతరా?" అని మాత్రం అడగగలిగింది గోదావరి.

"నన్నెందుకు అడుగుతరు? దాన్నే అడుగుండ్రి. మంచం కిందనే ఉన్నది."

గోదావరి లోపలికి పోయి మోకాళ్ల మీద వంగింది. ఉమైమా గోడకు అతుక్కుని ఉంది.

"ఇగ దారం కట్టను బిడ్డా. రాసుడు గూడ లేదు."

పిల్ల తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. "నా చెయ్యి మంచిగైందా టీచర్?"

"నీ చెయ్యి మొదటి నుంచే మంచిది."

"కాదు. ఖరాబ్ చెయ్యి. మీరే చెప్పిండ్రు."

"నేను తప్పు చెప్పిన."

"టీచర్లు తప్పు చెప్పరు" అంది ఉమైమా, తెలియనివాళ్లకు నేర్పుతున్నట్లు. "అమ్మీ అన్నది."

సోమవారం రుఖయ్యా పిల్లను తెచ్చి క్లాసు గుమ్మంలో దింపింది. గోదావరి మొహం చూడకుండానే వెళ్లిపోయింది. లోపల కాపీలు బీరువాలోకి పోయాయి. వినాయకులను చేసేవాళ్ల దగ్గర మిగిలిన బంకమట్టి తెచ్చి గోదావరి గోనెపట్టాల మీద కుప్ప పోసింది. రామ్‌దాస్ సార్ కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏంది టీచర్, కుమ్మరి బట్టీ పెట్టిండ్రా? ఫీజు కట్టినోళ్లు రాత చూపియ్యమంటే ఏం చూపియ్యాలె?"

"నా దగ్గరికి పంపుండ్రి సార్. ఇన్నేండ్లు నేనే చెడగొట్టిన, నేనే చెప్పుకుంట."

ఆయన పళ్ల సందున ఏదో అనుకుంటూ పోయాడు. పిల్లలు పాములు చేస్తున్నారు, రొట్టెలు చేస్తున్నారు, ఒకరి మీద ఒకరు రుద్దుకుంటున్నారు. ఉమైమా కుడిచేతిని చంకలో దాచుకుని గోడవారన కూర్చుంది. గోదావరి ఆమె ముందు ఒక ముద్ద పెట్టింది. రమ్మని గాని, చెయ్యమని గాని అనలేదు. పక్కకు తిరిగింది.

మళ్లీ చూసేసరికి ఉమైమా కాలు చాచి, బొటనవేలితో ఆ ముద్దను నొక్కుతోంది. చెయ్యి చంకలోనే ఉంది.

గోదావరి అటు పోలేదు. చెంబు తీసుకుని, ఇంకొంచెం మట్టి తడపడానికి కూర్చుంది.