విశ్వాసమ్మ ఏరిన కేళీలు

విశ్వాసమ్మ నడుము గురించి చెప్పాలంటే ముందు గుంటూరు మిరపతోటల గురించి చెప్పాలి. పత్తికొండ పక్క పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడు జనం లారీలెక్కి మిరపకోతలకు పోతారు. దాన్ని సుగ్గి అంటారు. పేరు వింటే పండగలాగే ఉంటుంది. పొద్దస్తమానం వంగి కాయలు కోసి, రాత్రికి పట్టల కింద ఒరిగేవాళ్ళను అడగాలి అదెంత పండగో! విశ్వాసమ్మ పద్దెనిమిది సుగ్గులు చేసింది. చివరిసారి తోటలోనే కూలబడితే ఇద్దరు మోసుకొచ్చి లారీలో పడుకోబెట్టారు.

"ఇంగొక్క సుగ్గికి పోతే నన్ను పెట్టెలోనే తెస్తారు" అని మొగుడు శాంతయ్యతో తెగేసి చెప్పింది. శాంతయ్య ఏమనగలడు? ఆయన మోకాళ్ళు ఆయన్ని ఆదివారం చర్చి దాకా మోస్తే అదే పదివేలు.

అలాంటి మనిషికి ఊరి దగ్గర పరిశోధన క్షేత్రంలో కొలతల పని దొరికింది. ఏడాది పొడుగునా ఉండే పని. హిమబిందు అని కడప పిల్ల, సైంటిస్టు, పాతకాలపు కంది రకాలు నలభై తెచ్చి విత్తించింది. మొక్క ఎంత ఎత్తు, కొమ్మ ఎక్కడ పుట్టింది, కాండం నుంచి ఎంత వాలుగా లేచింది, ఆకు ఎంత పొడుగు, ఇవన్నీ స్కేలూ, బడిపిల్లల పెట్టెలో ఉండే కోణమానీ పెట్టి విశ్వాసమ్మ చదివితే, హిమబిందు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేది. ఆ అంకెలతో కంప్యూటరు మొక్క బొమ్మను నిలబెట్టి, దాని మీద ఎండ పడేసి, ఏ తీరు కొమ్మలకు నేల మీద ఎంత నీడ ఉంటుందో, తడి ఎన్నాళ్ళు నిలుస్తుందో లెక్క తేలుస్తుంది. వాన లేని ఏడు కూడా నాలుగు కాయలు నిలుపుకునే మొక్క రూపం పట్టుకోవాలని ఆ పిల్ల తాపత్రయం.

"అమ్మో, దీంట్లో చెట్టు బతికినట్లే ఉండాదే!" అని మొదటిరోజు విశ్వాసమ్మ నోరు తెరిచింది. మూడేళ్ళయ్యేసరికి ఆ వింత పోయింది గానీ నడుము నొప్పి పోలేదు.

ఈ అక్టోబరులో ఒక పొద్దున హిమబిందు షెడ్డులో దిగాలుగా కూర్చుని ఆమెను పిలిచింది. తెర మీద ఒకే రకం కంది మొక్కలు యాభై, అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి.

"చూడక్కా, మూడేండ్లనుంచీ ఇంతే. పాత రకాల్లో మొక్కకూ మొక్కకూ తేడా ఉంటాదని పైవాళ్ళకు రాసిచ్చినా. ఆ తేడాల కోసమే ఈ పనంతా. అవే లేవంటే మార్చికి మూసేస్తామంటాండారు."

మూసేస్తే? విశ్వాసమ్మ కళ్ళముందు గుంటూరు లారీ కనబడింది. పని పోయినా తన చేతకానితనం వల్ల మాత్రం కాదని మేడమ్‌కి తెలియాలి.

"నా పనిలో వంకే లేదు మేడమ్. చేను అద్దం మాదిరి పెట్టినా. ఒక్క కేళీ లేకుండా ఏరేసినా."

"ఏం ఏరేసినావు?" అంది హిమబిందు.

సుగ్గి లేని నెలల్లో విశ్వాసమ్మ నంద్యాల పక్క విత్తన చేలల్లో పన్నెండేళ్ళు చేసింది. అక్కడ పంటంతా ఒకే తీరుగా ఉండాలి. పొట్టిగానో, పూత రంగు మారో, కొమ్మ అడ్డంగా పాకో ఏ మొక్కైనా వేరుగా కనబడితే అది కేళీ. వేరుతో సహా పెరికేయాలి. ఒక్కటి మిగిలినా మేస్త్రీ నోట్లో పడ్డట్టే. ఇక్కడ ఏరమని ఎవరూ చెప్పలేదు, ఏరొద్దనీ చెప్పలేదు. పనిమంతురాలు చెప్పించుకుంటుందా? మేడమ్ రాకముందే గంట ముందొచ్చి, కూలి లేకుండా, కొలతలకు ముందే ఏరి, మోపు కట్టి ఇంట్లో మేకకు వేసింది. చేలో ఖాళీలు చూసి హిమబిందు పుస్తకంలో జింకలు తిన్నాయని రాసుకుంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే మరి!

"మూడేండ్లూ ఏరినావా అక్కా?"

"మూడేండ్లూ. ఒక్క దినం మానితే ఒట్టు." పాపం, గర్వంగానే చెప్పింది.

హిమబిందు ల్యాప్‌టాప్ మూసేసింది. "నేను ఎతుకుతాండేది వాటినే. నువ్వు మేకకేసిన వాటినే."

విశ్వాసమ్మ తన కూటిని తన చేత్తోనే పెరికి పారేసుకుంది. మేడమ్ నాలుగు తిట్టినా బాగుండేది. హిమబిందు తిట్టలేదు, తల పట్టుకుని "నేనే చెప్పాల్సింది. ఇట్లయితాదని నాకు తోస్తే కదా" అంది.

విశ్వాసమ్మ చెప్పబోయే మాటకు సిగ్గుతో చచ్చిపోతోంది. "కోపం చేసుకోవాకండి మేడమ్. తూర్పు గట్టుకాడ ఇంగా కొలవని రెండు సాళ్ళు ఏరలేదు. నడుము పట్టేసె. రేపు ఏరదాం, రేపు ఏరదాం అని ఇడ్సిపెట్టినా."

హిమబిందు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. ఆ రెండు సాళ్ళలో ఒక మొక్క నేలబారుగా పాకింది, ఒకటి మోకాలెత్తు లేదు, ఒకటి గొడుగులా విచ్చుకుంది. వెనకాలే రొప్పుతూ వచ్చిన విశ్వాసమ్మ చెయ్యి దానంతటదే పాకే మొక్క మీదికి పోయింది. హిమబిందు గబుక్కున మణికట్టు పట్టుకుంది.

"వీటితో పని నిలబడతాదా మేడమ్?"

"తెలీదక్కా. మూడేండ్ల లెక్కలు తప్పని ముందు నేను రాసియ్యాల. ఈ రెండు సాళ్ళకు నాలుగు దినాల పని ఉండాది. అంతవరకు రా."

విశ్వాసమ్మ కోణమాని అందుకుంది. రోజుకు నలభై మొక్కలు కొలిచే మనిషి ఆ పొద్దు గుంకేదాకా పదకొండే కొలిచింది. తొందరగా కానీమని హిమబిందు కూడా అనలేదు.