జెండా పీకని ప్లాటు

ఉద్యోగంలో నిలదొక్కుకోమని ప్రణతికి వాళ్ల నాయిన అంజయ్య ఇచ్చిన గడువు ఆ వారంతో సరి. బడంగ్‌పేట్‌లో ప్లాట్లమ్మే ఆయన, తన ఆఫీసులో కూతురి కోసం ఓ కుర్చీ ఎవర్నీ కూర్చోనివ్వకుండా కాపాడుతున్నాడు. ఆ పిల్లేమో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో లైనక్స్ నేర్చుకుని, ఎల్బీనగర్‌లో ఇంటర్నెట్ రౌటర్లు తయారుచేసే చిన్న కంపెనీలో చేరింది. తను కోడు రాసిన రౌటరు పొద్దున బాగానే లేచి, సాయంత్రానికి మొరాయిస్తోంది. శుక్రవారానికి అది నిలబడకపోతే ఉద్యోగం గోవిందా!

ఆఫీసులో పెద్దాయన సాంబమూర్తి జాలిపడి, లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ కోడు తెరిచాడు.

"చూడమ్మా, వైరులోంచి వచ్చిన డేటా ముక్కని, అదే ప్యాకెట్‌ని, మెమరీలో ఒక్కచోట పెడతారు. ఇక కదపరు. దాన్ని చదివే కోడు అంచెలంచెలుగా ఉంటుంది; కింది అంచె తనక్కావలసిన అడ్రసు చదువుకుని, 'ఇక్కణ్ణుంచి నువ్వు చదువుకో' అని పై అంచెకి చోటు చూపిస్తుంది. అంతే!"

"మోసుకపోరా సార్?"

"ఎందుకు మొయ్యడం?"

ప్రణతి స్క్రీను మీదికి వంగింది. ఊరంతా ఫోన్లలో చూసే వీడియోలన్నీ ఇంత ఒద్దికగా నడుస్తున్నాయా! పైగా ఎవరెవరో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, ఇదంతా రాసి అందరి ముందూ పెట్టేశారు. చదువుకుంటానంటే అడ్డుపెట్టే తలుపే లేదు. ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. వాళ్ల మీద కాస్త అసూయ కూడా వేసింది, అబద్ధమెందుకు.

అంతలో అంజయ్య ఫోను. బుక్కయిన ప్లాటులో ఎర్రజెండా పాతడం వాళ్ల పద్ధతి.

"ఏం జెయ్యాలె బిడ్డా! బుక్ చేసుకున్నోళ్లు ఒద్దని పోయిన్రు, మనోళ్లు జెండాలు పీకలే. ఒచ్చినోళ్లు అన్ని నిండినయనుకొని ఎనక్కి పోతున్నరు. పరేషాన్ ఉంది!"

"జర ఆగు నాయినా!"

ఫోను పెట్టేసి తన కోడు మీద పడింది. పాడైన ప్యాకెట్ వస్తే వద్దని వెనుదిరిగే లైను ఉంది, దాని చోటు ఖాళీ చేసే లైను లేదు. వద్దన్నవన్నీ జెండాలు పాతుకుని కూర్చుంటే సాయంత్రానికి మెమరీ నిండక ఏమవుతుంది? అయ్యో నా మతి మండ, అనుకుంటూ ఆ ఒక్క లైనూ చేర్చింది.

శుక్రవారం సాయంత్రం వీధి దీపాలు వెలిగాయి. రౌటరు నడుస్తూనే ఉంది. "ఇక నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదమ్మా," అన్నాడు సాంబమూర్తి.

ఆమె ఇంటికి ఫోను చేసింది. "నాయినా, నా రౌటరు పెట్టె నిలబడ్డది!"

"మంచిగైంది బిడ్డా. మరి గీ కుర్చీ?"

"దాని మీది జెండా గుడ పీకెయ్ నాయినా."

 అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"అగో తమ్మీ, నిలబడ్డవేంది? గీడ కూసో," అంటున్నాడు ఎవరితోనో.