డికీ ఎఫ్‌కీ మధ్య గట్టు

మా ఇంటి కంప్యూటర్‌లో పోయినవన్నీ మా మరిది తిరిగి తెప్పించాడని చుట్టాలందరూ చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో నా ఎదుటే చెబుతారు. నేను అడ్డం పడతాను. "నీకు ప్రతిదానికీ వాదనే" అనిపించుకుంటాను. అననివ్వండి. ఆ రోజు మా మరిది చేసిందల్లా సత్తెనపల్లిలో స్నేహితుడి వీడియో స్టూడియో నుంచి ఒక పెద్ద హార్డ్ డిస్క్ అడిగి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తేవడం. భద్రంగానే తెచ్చాడు, కాదనను. కానీ కట్టెలు మోసుకొచ్చినవాడు వంట చేసినట్టు కాదు. వంట చేసింది అతని భార్య, మా తోటికోడలు.

మా ఆయన కథ ఇంకొకటుంది. "అసలు పోయిందేంది? చిన్న పొరపాటు. అన్నీ వచ్చినయ్" అంటారు. అదీ తప్పే.

నరసరావుపేటలో మావి రెండు కాపురాలు, ఒకటే వసారా. వేరుపడ్డప్పుడు మా మామగారు పాత పద్ధతే పాటించారు: పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. అట్లా పంచితే పెద్దవాడి చెయ్యి ఎటూ మొగ్గదు. పొలం అట్లాగే పంచారు, ఇల్లు అట్లాగే పంచారు. వసారాలో ఉన్న కంప్యూటర్‌ని పంచడం కుదరక దాని డిస్కును పంచారు. నవ్వకండి, నిజమే. మా ఆయన దాన్ని రెండు వాటాలు వేయించారు, మా మరిది ముందు కోరుకున్నాడు. డి మాది. ఎఫ్ వాళ్ళది. మధ్యలో ఉండాల్సిన అక్షరం సీడీలు పెట్టే అరకు పోయింది.

డి నిండా మా ఆయన పార్టీ మీటింగుల వీడియోలు. ఎఫ్‌లో ఉన్నవి మా తోటికోడలి పాఠాలు. ఆమె బీఎస్సీ లెక్కలు చదివింది. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. బజారులో దొరికే గైడ్లు ఆమెకు నచ్చవు. తెలుగు మీడియం పిల్లలకని ప్రతి పాఠం తానే టైపు చేసుకుంది. త్రిభుజాలు, వృత్తాలు, స్పర్శరేఖలు ఒక్కొక్కటే కంప్యూటర్‌లోనే గీసుకుంది. కొన్నేళ్ళ పని అది. కాగితం మీద ఇంకో నకలు లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారితో ఎదురుపడి మాట్లాడదు. చాలా చోట్ల ఈ పద్ధతి పోయింది. మా ఇంట్లో పోలేదు. పిల్లలకు లెక్క చెబుతుంటే వీధి చివరికి వినబడే గొంతు ఆమెది. బావగారు గడప తొక్కితే మాత్రం చప్పున ఆగిపోతుంది. ఆయనతో ఏ పని ఉన్నా మధ్యలో నేనే. ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను ఆ ఇద్దరి మధ్య పోస్టాఫీసుని.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వసారాలో గోంగూర వలుస్తున్నాను. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. డి నిండిపోయింది. కొత్త మీటింగు వీడియో పట్టడం లేదు. ఆయన ఎవరినో ఫోన్లో అడిగి డిస్కు పటం తెరిచారు. అందులో వాటాలు పక్కపక్కనే పెట్టెల్లా కనబడతాయి, అచ్చం పొలం పటం లాగే. అదే కొంప ముంచింది. మా వైపు ట్రాక్టరు తిరగడానికి పక్కపక్క మళ్ళ మధ్య గట్టు తీసేయడం, దున్నకం అయ్యాక మళ్ళీ వేసుకోవడం మామూలే. అన్నదమ్ముల మళ్ళయితే అడగను కూడా అడగరు. ఆయన ఎఫ్ మీద నొక్కి డిలీట్ అన్నారు, డిని పొడిగించమన్నారు. గట్టు తీశాననుకున్నారు. డి రెండింతలైంది. సంబరంగా వీడియో కాపీ పెట్టారు.

అప్పుడే మా తోటికోడలు మరునాటి పరీక్ష పేపరు ప్రింటు తీసుకుందామని వచ్చి గడప దగ్గర ఆగింది. తెర వైపు చూసింది.

"అక్కా, బావగారిని ఆ కాపీ ఆపమను."

"ఎందుకే?"

"ముందు ఆపమను!"

"ఏమండీ, ఆపమంటంది."

"ఎందుకంట? ఇంకా సగం కూడా కాలా."

"ఎందుకంట?" అని నేను ఇటు తిరిగాను.

"ఎఫ్ కనపడట్లా. నా ఎఫ్ ఏమైందో అడుగు."

"ఎఫ్ ఏమైందండీ?"

"ఎక్కడికి పోద్ది? గట్టు తీశా. రెండూ కలిసినయ్. అంతా డిలోనే ఉంటది, చూసుకోమను."

నా పోస్టాఫీసు అట్లా ఉత్తరాలు బట్వాడా చేస్తుంటే, తెర మీద కాపీ ఎంతయిందో చూపే ఆకుపచ్చ గీత ముందుకు పాకుతూనే ఉంది. అది పాకిన కొద్దీ ఏం చెరిగిపోతోందో మా ఇద్దరికీ తెలియదు. తెలిసిన మనిషి గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె గడప దాటింది. ఆయన కుర్చీ పక్కకు వచ్చింది.

"బావగారూ, మౌస్ వదలండి. లేవండి."

కాపురానికి వచ్చాక ఆయనతో ఆమె ఎదురుగా అన్న మొదటి మాట అది. మండల స్థాయి నాయకులు లేవమన్నా లేచే మనిషి కాదు మా ఆయన. లేచారు.

ఆమె కూర్చుంది, కాపీ ఆపింది, కంప్యూటర్ కట్టేసింది. అందులో ఏదీ రాయకూడదు, ఏదీ దించకూడదు అంది. ఆ తర్వాత మా ఆయన్ని నేను అందుకున్నాను.

"డిలీట్ అనగానే కంప్యూటర్ పెట్టె కట్టి అడిగింది గదా, అందులో ఉన్నదంతా పోద్ది అని! చదవలా?"

"ఎస్ అనకపోతే పని జరగదు గదే! రిజిస్ట్రారాఫీసులో మాత్రం చదివే సంతకం పెడతన్నామా?"

నేను ఇంకా చాలా అన్నాను. పోయినవి నా పాఠాలు కావు, అయినా అన్నాను. పోగొట్టుకున్న మనిషి మాత్రం ఒక్క మాట అనలేదు. నా జన్మలో నాకు చేతకాని విద్య అది.

సత్తెనపల్లి వెళ్ళిన మా మరిదికి ఫోన్ చేస్తే అతని వైద్యం వేరు. "పోయినవి పోయినయ్ అనుకోమను వదినా. ఫార్మాట్ కొట్టిచ్చి మళ్ళీ ఎక్కిద్దాం." ఆమె నా చేతిలో ఫోను లాక్కుంది. "నేనట్టా అనుకోను. మీరు వచ్చేటప్పుడు పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి అడిగి తీసుకురండి. ఖాళీది." అతని వీరగాథ మొత్తం ఇక్కడ మొదలై ఇక్కడే ముగిసింది.

మా ఆయన వసారా స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. చివరికి ఆయనే నా వైపు చూడకుండా నేరుగా అడిగారు. "మొత్తం దున్నేశానా అమ్మా?"

"లేదు బావగారూ. గట్టే పోయింది. పైరు అట్టానే నిలబడి ఉంది. కాకపోతే అది ఖాళీ నేలని కంప్యూటర్ అనుకుంటంది. దాంట్లో కొత్త విత్తనం చల్లితేనే పాత పైరు పోయేది. చల్లకుండా ఉంటే చాలు."

ఎంత చక్కగా చెప్పింది! ఆయనకు తెలిసిన నేల మీదే నిలబెట్టి చెప్పింది. నేనైతే ముందు ఆయన తెలివితక్కువతనం నిరూపించి, ఆ తర్వాత సంగతి చెప్పేదాన్ని.

మూలనున్న నా పాత ల్యాప్‌టాప్ తీసుకుంది. పాత వాటాల సరిహద్దులు వెతికిపెట్టే ప్రోగ్రాం ఒకటి దించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ని ఆ పెన్‌డ్రైవ్ మీద నుంచే లేపింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. మౌస్ కూడా లేదు, బాణం గుర్తులే. తెర మీద వచ్చిన ప్రతి వాక్యం రెండుసార్లు చదివి గానీ ఎంటర్ నొక్కలేదు. "ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే సున్నా" అని పిల్లలను రోజూ తిడుతుందే, ఆ నియమం ఆమె తనకూ పెట్టుకుందని అప్పుడు చూశాను. తిట్టేవాళ్ళలో అట్లాంటివాళ్ళు తక్కువ. నన్ను కూడా కలిపే చెబుతున్నాను.

వెతుకులాట సాగుతూనే ఉంది. కరెంటు పోతుందేమోనని మా ఆయన ఇన్వర్టర్ మీద ఫ్యాను కూడా ఆపించారు. అందరం చెమటలు కారుతూ కూర్చున్నాం. పొద్దు వాలే వేళకు పాత ఎఫ్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెర మీద తేలింది. లోపలికి వెళ్తే ఆమె పెట్టుకున్న పేర్లు వరుసగా కనబడ్డాయి. మా ఆయన కుర్చీ అంచుకు వచ్చారు.

"అదిగో! గట్టు మళ్ళీ అక్కడే వెయ్యమంటావా అని అడుగుతంది గదా. ఊఁ అను, అయిపోద్ది!"

"వద్దు బావగారూ. ముందు పంట ఇంటికి చేరాలి. గట్టు తర్వాత."

అక్కడుంది ఆమె గొప్పతనం. ఎదురుగా తలుపు తెరుచుకుని ఉన్నప్పుడు ఆగడం. ఒక్క మీట నొక్కి గెలిచాననిపించుకోవచ్చు. అది తప్పితే ఉన్నదీ పోతుంది. మా మరిది ఆ హార్డ్ డిస్క్ డబ్బా తెచ్చేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వచ్చాక ఒక్కొక్క పాఠాన్నీ అందులోకి చేర్చింది. అంతా చేరాక కొన్ని తెరిచి చూసింది. కొన్ని తెరుచుకున్నాయి. ఒకటి రెండు నొక్కగానే ఏదో పెట్టె వచ్చింది. చప్పున మూసేసింది. పక్కనే ఉన్నాను, చూశాను. ఏమిటో అప్పుడు అర్థం కాలేదు.

"అన్నీ వచ్చినయ్ బావగారూ" అంది.

ఆయన పైకి చూసి దండం పెట్టి, లేచి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగారు.

తర్వాత డిస్కును మళ్ళీ వాటాలు వెయ్యాల్సి వచ్చింది. "ఈసారి నువ్వు పంచమ్మా" అన్నారు ఆయన. ఆమె ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వేసింది. ఎందుకట్లా వేసిందని నేను వాదనకు దిగబోయాను. మీటింగుల వీడియోలకే చోటు ఎక్కువ కావాలట. "పంచినవాళ్ళు ముందు కోరుకోకూడదు, మీరు తీసుకోండి" అంది. మా ఆయన కాసేపు చూసి చిన్నదాని మీద వేలు పెట్టారు. "నాకిది చాలు." మరునాడు కూర్చుని పాత మీటింగులు తానే చెరిపేసుకున్నారు. వాటిలో ఆయన చెయ్యి ఊపడం తప్ప పెద్దగా ఏమీ లేదు గానీ, ఆయన చెరుపుకోవడం మాత్రం చూడదగ్గ దృశ్యమే.

ఇక ఆమె బావగారితో ధారాళంగా మాట్లాడుతుందనుకున్నాను. మరునాడు పొద్దున్నే గడప దగ్గర నుంచి, "అక్కా, బావగారు పేపర్ చదవడం అయిందేమో అడుగు" అంది. పోస్టాఫీసు మళ్ళీ తెరిచారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వసారాలోకి వెళ్తే ఆమె ఒక్కతే కూర్చుని వృత్తాలు గీస్తోంది. వృత్తానికి స్పర్శరేఖ, దాని కింద పేర్లు. ఎప్పుడో గీసిన బొమ్మే, నాకు బాగా గుర్తు.

"ఇది నీ దగ్గర ఉన్నదే గదే?"

"పాతది బాలా అక్కా. బాగా గీస్తన్నా."

"త్రిభుజాలు కూడా బాలేవా?"

నవ్వింది. తెర వైపే చూస్తూ, "బావగారికి చెప్పబాక" అంది. అప్పుడు అర్థమైంది. ఆ ఆకుపచ్చ గీత పాకినంత మేరా పైరు పోయింది. పరీక్షలు మొదలయ్యేలోగా ఆ పాఠాలన్నీ పిల్లల చేతుల్లో పడ్డాయి. ఏవి పాతవో, ఏవి మళ్ళీ గీసినవో ఒక్కరికీ తెలియదు.

ఇన్నాళ్ళూ నేను ఎవరికీ చెప్పలేదు. నాలాంటి నోటికి అది చిన్న పని కాదు. ఇది చదివితే మా ఆయనకు తెలుస్తుంది. తెలియనివ్వండి, చిన్న వాటా తీసుకున్న మనిషి ఆ మాత్రం తట్టుకుంటారు. నాకు కావలసింది వేరే జవాబు. ఎన్నిసార్లు అడిగినా నవ్వి తప్పించుకుంటోంది, అందుకే ఇక్కడ, అందరి ముందూ అడుగుతున్నాను. ఏమే, ఆ రోజు "అన్నీ వచ్చినయ్" అన్నది బావగారు తల దించుకోకూడదనా, లేక నువ్వు చేపట్టిన పనిలో కొంత నీ వల్ల కూడా కాలేదని ఒప్పుకోవడానికి మనసు రాకనా?